లెక్కను చదువుట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవములలో కవిత్వమును గూర్చియో, పురాణమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. లెక్కలను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. లెక్కలు బడికి సంబంధించినవే కాని గ్రంథాలయమునకు సంబంధించినవి కావని పలువురి తలంపు. ఆ తలంపు సరియైనది కాదని చూపుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము. ఐదవ తరగతి మొదలుకొని ఏడవ తరగతి వరకు చదువు పిల్లలు పాఠ్యపుస్తకములలోని పద సమస్యలను, అనగా మాటలలో చెప్పబడిన లెక్కలను, చూచి భయపడుదురు. కూడికలును, తీసివేతలును, గుణకారములును, భాగహారములును వచ్చిన పిల్లలే అచ్చట తప్పుదురు. వారికి రానిది లెక్క చేయుట కాదు, లెక్కను చదువుట. చదువు అలవాటు చేయు చోటు గ్రంథాలయము గనుక ఈ విషయమునకు ఇంతకంటె తగిన వేదిక లేదు.

ఈ ఉత్సవమునుండియే ఒక లెక్కను తీసికొనవచ్చును. ఒక గ్రంథాలయమునకు ప్రారంభోత్సవమునాడు ఒక సభ జరిగినది. అటుపిమ్మట ఏటేట అదే తేదీన ఒక సభ తప్పక జరిగినది. ఇరువదియైదేండ్లు నిండిననాటి రజతోత్సవ సభతో కలిపి మొత్తము ఎన్ని సభలు జరిగినవి? ఇరువదియైదు అని చాలమంది వెంటనే చెప్పుదురు. సరియైన సమాధానము ఇరువదియారు. ఏడాది అనునది ఒక సభకును మరియొక సభకును నడుమనుండు ఎడము. సభ ఆ ఎడమునకు కొనయందుండు గుంజ. పది ఎడముల దడి కట్టుటకు పదునొకండు గుంజలు కావలెనని రైతు ఎరుగును. ఆ రైతు బిడ్డయే పరీక్షలో పది అని వ్రాసి వచ్చును. దడి కనులకు గట్టినట్లు కనబడినచో తప్పు జరుగదు. కాగితముమీది అంకెలు మాత్రమే కనబడినచో తప్పు జరుగును.

మాటలలో లెక్కను చెప్పుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు చేసెను. ఆయన 11వ శతాబ్దిలో, రాజరాజ నరేంద్రుని కాలమున నుండెనని ప్రసిద్ధి. తెలుగున లభించు గణిత గ్రంథములలో దానినే మొదటిదిగా పండితులు ఎన్నుదురు. నన్నయ భారతమును తెలుగున ప్రారంభించినది కూడ ఆ నరేంద్రుని కాలముననే. కనుక తెలుగు కావ్యమును, తెలుగు లెక్కయు ఇంచుమించు ఒకే ఈడువి. సంస్కృత మూలమును ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదముతో 1912లో చెన్నపట్టణమున ప్రకటించిరి.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందు ఒక తుమ్మెదల లెక్క కలదు. తుమ్మెదల గుంపులో ఐదవ వంతు కడిమి పూవు మీదికిని, మూడవ వంతు మరియొక పూవు మీదికిని పోయినవి. ఆ రెండు వంతుల భేదమునకు మూడు రెట్లు ఇంకొక పూవును చేరినవి. ఒక్క తుమ్మెద మాత్రము మిగిలి ఎటు పోవుటయో తోచక తిరుగుచున్నది. గుంపులో మొత్తము ఎన్ని తుమ్మెదలు?

బీజగణితము రాని పిల్లవాడు సైతము దీనిని సాధింపగలడు. గుంపును పదునైదు సమభాగములుగా భావింపవలెను. ఐదవ వంతు అనగా మూడు భాగములు. మూడవ వంతు అనగా ఐదు భాగములు. వాని భేదము రెండు భాగములు; దానికి మూడు రెట్లు ఆరు భాగములు. మూడును, ఐదును, ఆరును కలిసి పదునాలుగు. మిగిలినది ఒక్క భాగము. అదియే ఆ ఒంటరి తుమ్మెద. కావున మొత్తము 15 తుమ్మెదలు. ఇందులోని గణితము చిన్నది. ఓపికతో వినవలసిన కథ పెద్దది.

ఇట్టి లెక్కలను విశాఖపట్టణపు పిల్లలకు పూవులనుండియే కాక రేవునుండియు, చేపల పడవలనుండియు, ఉక్కు కొలుములనుండియు తీయవచ్చును. చేపలరేవు వద్ద పుట్టు లెక్క యొకటి చూడుడు. ఒక పడవ సముద్రమునుండి కొన్ని కిలోల చేపలతో తిరిగి వచ్చినది. పట్టిన చేపలలో మూడవ వంతును వర్తకునకు అమ్మిరి. మిగిలినదానిలో సగమును పడవవారు పంచుకొనిరి. ఇంక 20 కిలోలు మిగిలినవి. పట్టినది ఎంత?

తొందరపడు పిల్లవాడు మూడవ వంతును, సగమును కలిపి ఆరింట ఐదు వంతులు పోయినవనియు, ఆరవ వంతు 20 కిలోలనియు ఎంచి 120 అని వ్రాయును. కాని లెక్కలో ఉన్నది మొత్తములో సగము కాదు, మిగిలినదానిలో సగము. ఒక గీతను గీచి దానిని మూడు సమభాగములు చేసినచో సంగతి తేటపడును. ఒక భాగము వర్తకునకు పోయినది. మిగిలినవి రెండు భాగములు. వానిలో సగము, అనగా ఒక భాగము, పడవవారికి పోయినది. చివరకు మిగిలిన ఒక భాగము 20 కిలోలు. కనుక మొత్తము 60 కిలోలు. అరువదికిని, నూట ఇరువదికిని గల వ్యత్యాసమంతయు ఒక్క మాటలో దాగియున్నది. ఆ మాటను దాటి పోయినవానికి ఎంతటి ఎక్కములు వచ్చినను ప్రయోజనము లేదు.

మాటను దాటి పోవుట యొక తప్పు. మాటకు తాళపుచెవి వలె ఒక ప్రక్రియను అంటగట్టుట మరియొక తప్పు. మొత్తము అన్నచోట కూడవలెననియు, మిగిలినవి అన్నచోట తీసివేయవలెననియు, ఎక్కువ అన్నచోట కలుపవలెననియు కొందరు పెద్దలు పిల్లలకు సులువు చెప్పుదురు. ఆ సులువు ఎట్లు మోసగించునో చూడుడు. తూర్పు ఒడ్డున 12 పడవలున్నవి. అవి పడమటి ఒడ్డుననున్న పడవలకంటె 5 ఎక్కువ. పడమటి ఒడ్డున ఎన్ని పడవలున్నవి? ఎక్కువ అను మాటను పట్టుకొన్నవాడు 17 అనును. వాక్యమును చదివినవాడు 7 అనును. మరియొకటి: ఒక వల ఎండుటకు మూడు గంటలు పట్టును. నాలుగు వలలను ప్రక్క ప్రక్కన ఎండలో ఆరవేసినచో ఎన్ని గంటలు పట్టును? గుణకారము నేర్చిన పిల్లవాడు పండ్రెండు అనవచ్చును. జాలరి ఇంటి పిల్లవాడు మూడే అని నవ్వును. బడిలో కూర్చున్నంతనే ఆ నవ్వు మాయము కాకుండ చూచుకొనుట పెద్దల పని.

ఈ జాడ్యము ఒక్క దేశమునకు పరిమితమైనది కాదు. 1979లో ఫ్రాన్సు దేశమునందలి గ్రెనోబుల్ నగరమున గణిత బోధనను పరిశోధించువారు చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చిరి. ఒక ఓడమీద 26 గొఱ్ఱెలును, 10 మేకలును ఉన్నవి. ఓడ కప్తాను వయస్సెంత? ఈ ప్రశ్నకు సమాధానము లేదు. అయినను 97 మంది పిల్లలలో 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదో యొక సమాధానము కట్టి చూపిరి. ఇరువదియారును, పదియు కూడిన ముప్పదియారు. కప్తానునకు ఆ వయస్సు తగియే యున్నదిగదా! అంకెలు కనబడినచో వానిని కలుపుటయో, తీసివేయుటయో తప్పనిసరి యని పిల్లలు నమ్ముటచేత ఇట్లు జరిగినది. ఓడల పట్టణమున పెరుగు పిల్లలకు ఈ ప్రశ్న నిచ్చి చూచినచో వారెట్లు చదువుచున్నారో ఉపాధ్యాయులకు ఒక్క నిమిషములో తెలియును. ఈ లెక్కకు కావలసిన సంగతి ఇందులో లేదు అని ధైర్యముగా వ్రాయు పిల్లవానికి పూర్తి మార్కులు ఇయ్యవలెను.

అమెరికాలో 1983లో ప్రకటింపబడిన ఒక దేశవ్యాప్త పరీక్షా ఫలితము కూడ ఇట్టిదే. సైనికులు 1,128 మంది. ఒక్కొక్క బస్సులో 36 మంది పట్టుదురు. ఎన్ని బస్సులు కావలెను అని 13 ఏండ్ల పిల్లలను అడిగిరి. నూటికి 70 మంది భాగహారమును సరిగానే చేసిరి. కాని 32 బస్సులు అని చెప్పినవారు నూటికి 23 మందియే. నూటికి 29 మంది 31 బస్సులు, శేషము 12 అని వ్రాసిరి. శేషమను బస్సు ఏ దేశమునను నడువదు.

ఈ లెక్కనే విశాఖ రేవునకు తెచ్చి మూడు విధముల అడుగవచ్చును. ఓడనుండి 1,000 బస్తాలు దిగినవి. ఒక్కొక్క లారీలో 150 బస్తాలు పట్టును. పూర్తిగా నిండు లారీలెన్ని? ఆరు. అన్ని బస్తాలను తరలించుటకు ఎన్ని లారీలు కావలెను? ఏడు. చివరి లారీలో ఎన్ని బస్తాలుండును? నూరు. భాగహారము ఒక్కటే, ప్రశ్నలు మూడు, సమాధానములు మూడు. ఏ సమాధానము ఏ ప్రశ్నకు చెందునో భాగహారము చెప్పదు. ప్రశ్నను చదివిన బుద్ధి చెప్పవలెను.

ఉక్కు నగరము ఇంతకంటె పెద్ద లెక్కలను ఇయ్యగలదు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదము తెలుగునాట మారుమ్రోగెను. 1971 జనవరి 20వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. మొదట ఏటికి 30 లక్షల టన్నుల ద్రవపు ఉక్కును తీయునట్లు నిర్మింపబడిన ఆ కర్మాగారపు స్థాపిత సామర్థ్యము విస్తరణానంతరము 73 లక్షల టన్నులకు పెరిగెను. ఇంత పెద్ద సంఖ్య పిల్లల ఊహకు అందదు. దానిని దినమునకు తగ్గించి చూపవలెను. కర్మాగారము సంవత్సరమందలి 365 దినములును పూర్తి సామర్థ్యముతో పనిచేసినదనుకొన్నచో దినమునకు ఎన్ని టన్నులు? 73 లక్షలను 365చేత భాగించిన సరిగా 20,000 వచ్చును. లారీ 20 టన్నులు మోయునచో అది వేయి లారీల బరువు. దినమునకు 1,440 నిమిషములు గనుక, రాత్రింబవళ్ళు ఒకటిన్నర నిమిషము గడువకముందే ఒక లారీ నిండవలెను. ఇచ్చట పూర్తి సామర్థ్యముతో అనుకొన్నచో అను షరతును పిల్లలు గుర్తింపవలెను. లెక్క నిజమగుట ఆ షరతు నిజమగుటపై ఆధారపడియున్నది.

తేదీలలో సైతము మంచి లెక్కలు కలవు. విశాఖ రేవునకు మొదటి ఓడయగు జలదుర్గ 1933 అక్టోబరు 7వ తేదీన వచ్చెను. విశాఖ నౌకా నిర్మాణశాలలో కట్టబడిన మొదటి ఓడ జల ఉషను 1948 మార్చి 14వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిరి. నడుమ గడచిన కాలమెంత? 1948లోనుండి 1933ను తీసివేసి 15 ఏండ్లు అనుట తప్పు. 1947 అక్టోబరు 7 నాటికి 14 ఏండ్లు. 1948 మార్చి 7 నాటికి మరి 5 నెలలు. 14వ తేదీకి మరి 7 దినములు. ఇట్లు మెట్టు మెట్టుగా నడచిన పిల్లవానికి చరిత్రయు వచ్చును, లెక్కయు వచ్చును.

ఇవి అన్నియు పిల్లల పరీక్షలకు మాత్రమే పనికివచ్చునని తలంపరాదు. సభలోని వృద్ధులకు 1957 ఏప్రిల్ 1వ తేదీ జ్ఞాపకముండును. ఆనాడు రూపాయికి పదునారు అణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చెను. కొంతకాలము రెండు నాణెములును కలిసి చెలామణి అయ్యెను. మార్పిడి పట్టిక ప్రకారము ఒక అణాకు 6 నయాపైసలు, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25. పదునారు అణాలను ఒక్కొక్కటిగా పదునారు మారులు మార్చుకొన్నవానికి 96 నయాపైసలే వచ్చును. నాలుగేసి చొప్పున నాలుగు మారులు మార్చుకొన్నవానికి నూరును వచ్చును. పట్టిక ఒక్కటే, చదువుకొన్నవానికిని, చదువనివానికిని నాలుగు పైసల భేదము.

ఆ నాలుగు పైసలు పోయిన కాలము పోయినది. కాని వడ్డీ లెక్క ఈనాటికిని ఇంటింట ఉన్నది. పల్లెలలో నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నచో నెలకు రెండు రూపాయలని అర్థము. బ్యాంకువారు నూటికి తొమ్మిది అన్నచో ఏటికి తొమ్మిదియని అర్థము. రెండు చిన్నది, తొమ్మిది పెద్దది అని అంకెలను మాత్రము చూచినవాడు రెండు రూపాయల అప్పు వైపే మ్రొగ్గును. పదివేల రూపాయలకు ఏడాది తిరుగునప్పటికి సాధారణ వడ్డీ ఒకచోట 900 రూపాయలు. రెండవచోట నెలకు 200 చొప్పున 2,400 రూపాయలు. ఇందులో ఐదవ తరగతి గుణకారము తప్ప మరేమియు లేదు. లోపించినది ఒక్క మాట, నెలకు అను మాట. నోటు వ్రాయించుకొను వేళ ఆ మాట కాగితముమీద ఉండియు ఉండకపోవచ్చును. సంతకము చేయబోవు తండ్రి ప్రక్కన ఆరవ తరగతి చదువు కూతురు కూర్చుండి, "నెలకా, ఏడాదికా నాన్నా?" అని అడుగగలిగినచో ఆ బడి తన పని చేసినట్లు. ఆ ప్రశ్న అడుగుట నేర్చినదానికి లెక్క సగము వచ్చినట్లే.

ఆ ప్రశ్న అడుగుట ఎట్లు నేర్పవలెను? హంగరీ దేశమున పుట్టి అమెరికాలో అధ్యాపకుడైన జార్జి పోల్యా అను గణితవేత్త 1945లో ప్రకటించిన గ్రంథమున నాలుగు మెట్లు చెప్పెను. మొదట ప్రశ్నను అర్థము చేసికొనవలెను. పిమ్మట ఉపాయమును ఆలోచింపవలెను. పిమ్మట దానిని నడపవలెను. చివరకు వెనుదిరిగి చూడవలెను. బడులలో సాధారణముగా మూడవ మెట్టును మాత్రము నేర్పుదురు. మొదటిదియు, నాలుగవదియు చదువరి పనులు. ఇంటిలో పెద్దలు సైతము వానిని నేర్పవచ్చును. పిల్లవానిచేత లెక్కను పైకి చదివింపవలెను. పుస్తకము మూసి, అదే లెక్కను సొంత మాటలలో చెప్పుమనవలెను. తెలిసినదేది, తెలియవలసినదేది అని అడుగవలెను. బొమ్మయో గీతయో గీయింపవలెను. సమాధానము వచ్చిన తరువాత దానిని తిరిగి కథలో పెట్టి చూడుమనవలెను. చేపల లెక్కలో 120 అని వచ్చినచో మూడవ వంతు 40, మిగిలినది 80, అందులో సగము 40. చివరకు 40 మిగులుచున్నవి కాని 20 మిగులుట లేదు అని పిల్లవాడే కనిపెట్టును. తన తప్పును తాను పట్టుకొన్న పిల్లవానికి లెక్కయనిన భయముండదు. తప్పు పట్టినంతనే కొట్టు పెద్దల యెదుట ఈ విద్య అబ్బదు.

ఇందులో గ్రంథాలయపు భాగమెంత? భారత గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడని పేరుగన్న ఎస్.ఆర్. రంగనాథన్ మొదట గణితోపాధ్యాయుడు. చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు అధికారియై, 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములను ప్రకటించెను. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు కలడని అందొక సూత్రము. ప్రతి లెక్కకును దాని పాఠకుడు కలడని దానిని పొడిగించుట తప్పు కాదు. లెక్కల మనిషి గ్రంథాలయమునకు వచ్చి ఇంత మేలు చేసినప్పుడు గ్రంథాలయము లెక్కల పిల్లలకు కొంత మేలు చేయుట న్యాయము.

ఇందుకు ధనము అక్కరలేదు. పఠనశాల గోడకు ఒక నల్లబల్ల చాలును. దానిమీద వారమునకొక మాటల లెక్క వ్రాయవలెను. ప్రక్కన ఒక నోటుపుస్తక ముంచవలెను. పిల్లలు అందులో సమాధానమునే కాక, దానిని చేరిన దారిని కూడ వ్రాయవలెను. ఒకే లెక్కకు ముగ్గురు మూడు దారులు చూపినచో మూడును అందుండవలెను. నెలకొకసారి పిల్లలే లెక్కలు కట్టవలెను, పెద్దలు సాధింపవలెను. రేవులో పనిచేయువారును, కర్మాగారమునకు పోవువారును, వ్యవసాయదారులును, కొట్టు నడుపువారును తమ పనిలో ఎదురైన లెక్కను ఒక్కొక్కటి ఇచ్చినచో రెండవ రజతోత్సవము నాటికి ఈ గ్రామమునకు సొంతమైన గణితగ్రంథము సిద్ధమగును.

ఆ నోటుపుస్తకమునకు తొలి లెక్కలుగా మూడు ఇచ్చటనే ఇయ్యబడుచున్నవి. ఒకటి: ఓడను కట్టు మోకు 24 మీటర్ల పొడవున్నది, దానిని 3 మీటర్ల ముక్కలు చేయుటకు ఎన్ని కోతలు కోయవలెను? రెండు: ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిననాడు పుట్టిన బిడ్డకు, అది జాతికి అంకితమైననాటికి ఎన్ని ఏండ్లు, ఎన్ని నెలలు, ఎన్ని దినములు? మూడు: పది మూరల లోతు గల ఎండిన బావి అడుగున ఒక కప్ప కలదు, అది పగలు మూడు మూరలు ఎక్కి రాత్రి రెండు మూరలు జారుచుండును, ఎన్నవ దినమున అది పైకి వచ్చును? వీని సమాధానములు ఈ సంచికలో ఉండవు. రేపటినుండి పిల్లలే వచ్చి నోటుపుస్తకమున వ్రాయవలెను. తొందరపడి వ్రాసినవారు మరల ఒకసారి చదువవలెను.

ఇరువదియైదేండ్లుగా దీపము వెలిగించి తలుపు తెరచి యుంచిన ఈ గ్రంథాలయమున ఇకమీదట కథల పుస్తకముల ప్రక్కనే లెక్కల పుస్తకములును నలుగుగాక. అక్షరము చదువు పిల్లలు అంకెను కూడ చదువుదురుగాక. గ్రంథాలయమునకును, గ్రామమునకును శుభమగుగాక.